భావోద్వేగాల ఇంగ్లీషు ఇడియమ్స్: బట్టీ పట్టకుండా నోటికి తెచ్చుకోవడం ఎలా

కోపం, భయం, సంతోషం, దిగులు. వీటి మీద ఇంగ్లీషు ఇడియమ్స్ (జాతీయాలు) ఎలా నేర్చుకోవాలని అడిగేవాళ్ళందరిదీ దాదాపు ఒకే బాధ. ఎక్కడో 200 ఇడియమ్స్ లిస్టు దొరికింది, రెండుసార్లు చదివారు, అర్థాలు కూడా గుర్తున్నాయి, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కటీ రాదు. వచ్చిందా, తప్పు చోట వస్తుంది.

తప్పు చోట వస్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లయింట్‌కి డెమో ఇవ్వాల్సి ఉంటే, ముందురోజు మా మేనేజర్‌తో "ఐ హ్యావ్ గాట్ కోల్డ్ ఫీట్" అన్నాను. కాస్త భయంగా ఉంది అని నా ఉద్దేశం. ఆవిడ రెండు నిమిషాలు ఆలోచించి, పర్లేదు, నీ బదులు ఇంకొకరిని పెడతాను అన్నారు. కోల్డ్ ఫీట్ అంటే భయం ఒక్కటే కాదు, ఒప్పుకున్న పనిలోంచి చివరి నిమిషంలో వెనక్కి తగ్గాలనిపించడం. పెళ్ళి పీటల మీద కూర్చోబోయే ముందు పెళ్ళికొడుక్కి వచ్చేది కోల్డ్ ఫీట్. నాకొచ్చింది మామూలు కంగారు.

కాబట్టి ఇక్కడ ఇంకో లిస్టు ఇవ్వడం లేదు. ఏ వరసలో నేర్చుకుంటే నిలబడుతుందో అది చెప్తాను. ఇడియమ్ పుట్టుపూర్వోత్తరాల జోలికి కూడా పోవద్దు. పట్టలేని సంతోషానికి వాడే "క్లౌడ్ నైన్"లో ఆ తొమ్మిది ఎక్కడిదని వెతికితే నాలుగైదు కథలు దొరుకుతాయి, ఏదీ గట్టిగా తేలదు, మీ సాయంత్రం మాత్రం అయిపోతుంది.

## 1. మొదలుపెట్టే ముందు

చేతిలో ఉండాల్సినవి ఇవి:

- ఒక చిన్న నోట్‌బుక్. ఫోన్‌లో రాసుకున్నా సరే, కానీ చేత్తో రాస్తే గుర్తుంటుందని నా అనుభవం.
- నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన ఆన్‌లైన్ డిక్షనరీ ఒకటి. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ లెర్నర్స్, లాంగ్‌మన్ మూడూ ఉచితంగా చూసుకోవచ్చు. అర్థం పక్కన ఇన్‌ఫార్మల్, ఓల్డ్ ఫ్యాషన్డ్, యూకే, యూఎస్ లాంటి చిన్న గుర్తులుంటాయి. అర్థం కన్నా ముందు వాటిని చూడండి.
- యూగ్లిష్ సైట్. ఏదైనా మాట టైప్ చేస్తే యూట్యూబ్ వీడియోల్లో మనుషులు దాన్ని అన్న చోటికి నేరుగా తీసుకెళ్తుంది. అమెరికా, బ్రిటన్ ఉచ్చారణలు విడిగా ఎంచుకోవచ్చు.

ఆ తర్వాత రెండు విషయాలు తేల్చుకోండి. ఒకటి, ఎందుకు నేర్చుకుంటున్నారు? ఎస్ఎస్‌సీ లాంటి పోటీ పరీక్షకైతే నాలుగు ఆప్షన్లలో సరైన అర్థం గుర్తుపడితే చాలు, నోటితో అనక్కర్లేదు, అప్పుడు కింద 4, 5 అంశాలు చదివితే సరిపోతుంది. ఐఈఎల్‌టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షకో, ఆఫీసుకో, విదేశాల్లో ఉండటానికో అయితే మొత్తం కావాలి. రెండోది, మీరు ఎక్కువగా మాట్లాడేది ఏ దేశం వాళ్ళతో? డల్లాస్‌లో పనికొచ్చే మాట లండన్‌లో పరువు తీయొచ్చు.

లక్ష్యం కూడా ముందే పెట్టుకోండి. వినడానికి వంద, అనడానికి పన్నెండు. వంద ఇడియమ్స్ వింటే అర్థమవ్వాలి. మీ నోట్లోంచి వచ్చేవి మాత్రం పన్నెండు చాలు, పన్నెండూ తప్పు లేకుండా.

## 2. మొదటి పేజీ తెలుగులో రాయండి

ఇంగ్లీషు నేర్చుకోవడానికి తెలుగు రాయడమేంటి అనిపిస్తుంది. కానీ భావం ముందు పుట్టేది తెలుగులోనే. లిస్టులు అక్షరక్రమంలో ఉంటాయి, మన కోపం అక్షరక్రమంలో రాదు.

వారం రోజులు, మీకు ఏమనిపించినా ఆ క్షణంలో మీ నోటికి వచ్చిన మాటనే ఒక్క లైను రాసుకోండి. శుభ్రమైన తెలుగు అక్కర్లేదు. "మేనేజర్ సీరియస్ అయ్యాడు", "రిజల్ట్స్ టెన్షన్", "అక్క ఫీలయ్యింది", "పక్కింటి వాళ్ళ కారు చూసి మా ఆయనకి కళ్ళు కుట్టాయి", "బాబు ఇంకా రాలేదు, గుండెల్లో రైళ్ళు పరిగెత్తాయి". ఇలా.

వారం చివర్లో చూసుకుంటే పదిహేను, ఇరవై లైన్లుంటాయి. అందులో సగం అవే అవే తిరిగి వస్తుంటాయి. మీకు కావాల్సిన పన్నెండు ఇడియమ్స్ అక్కడే ఉన్నాయి.

## 3. టెన్షన్, ఫీల్, మూడాఫ్, సీరియస్: ముందు వీటి సంగతి చూడండి

అసలు చిక్కు ఇక్కడ ఉంది. మనం తెలుగులో కలిపేసుకున్న ఈ ఇంగ్లీషు మాటల్ని అలాగే ఎత్తుకెళ్ళి ఇంగ్లీషు వాక్యంలో పెడితే, అవతలివాళ్ళకి వేరే అర్థం వస్తుంది, లేదా అసలు అర్థమే రాదు.

టెన్షన్. తెలుగులో ఇది సర్వరోగ నివారిణి. ఇంగ్లీషులో "ఐ యామ్ టెన్షన్" అన్న వాక్యం లేదు. "డోంట్ టేక్ టెన్షన్" మన దేశం దాటితే నడవదు. కాబట్టి ఏ టెన్షనో విడదీయండి:

- స్టేజీ ఎక్కే ముందు, ఇంటర్వ్యూ గది బయట కడుపులో అదోలా ఉండటం: "ఐ హ్యావ్ బటర్‌ఫ్లైస్ ఇన్ మై స్టమక్". ఇది తేలికపాటిది, కొంచెం ఉత్సాహం కూడా కలిసి ఉంటుంది.
- అదే ఇంకాస్త ఎక్కువై చేతులు వణుకుతుంటే: "ఐ వాజ్ ఎ బండిల్ ఆఫ్ నర్వ్స్".
- ఫలితం కోసం ఎదురుచూపులు: "ఆన్ టెంటర్‌హుక్స్" లేదా "ఆన్ పిన్స్ అండ్ నీడిల్స్". రెండోది అమెరికాలో ఎక్కువ. ఇక్కడ 'ఆన్' పోతే అర్థం మారిపోతుంది, "ఐ హ్యావ్ పిన్స్ అండ్ నీడిల్స్ ఇన్ మై ఫుట్" అంటే కాలు తిమ్మిరెక్కిందని.
- రాత్రి పదైనా అమ్మాయి ఫోన్ ఎత్తకపోతే: "వి వర్ వరీడ్ సిక్". ఇక్కడ బటర్‌ఫ్లైస్ అంటే మీకు పిల్ల మీద ప్రేమ లేదనుకుంటారు.
- చిన్న చప్పుడుకి కూడా చిరాకుపడేలా ఉంటే: "ఆన్ ఎడ్జ్".
- ఏం చేసినా సమస్య తెగక, ఇక దారి తోచకపోతే: "ఎట్ మై విట్స్ ఎండ్".

ఒక్క టెన్షన్‌కి ఆరు మాటలు. ఈ ఆరూ వస్తే సగం పని అయినట్టే, నిజంగా.

ఫీలయ్యాడు. తెలుగులో బాధపడ్డాడు, నొచ్చుకున్నాడు అని. ఇంగ్లీషులో "హి ఫెల్ట్" అని ఆపేస్తే అవతలివాళ్ళు ఏం ఫెల్ట్ అని ఎదురుచూస్తూ కూర్చుంటారు. మీరన్న మాటను మనసులో పెట్టుకుని బాధపడితే "హి టుక్ ఇట్ టు హార్ట్". మనం అనే "లైట్ తీసుకో" అనడానికి కూడా ఇదే పనికొస్తుంది: "డోంట్ టేక్ ఇట్ టు హార్ట్".

మూడాఫ్. "మై మూడ్ ఈజ్ ఆఫ్" అని మనమే అంటాం. కారణం తెలియకుండా కాస్త నలతగా, చికాకుగా ఉంటే "ఐ యామ్ ఎ బిట్ అవుట్ ఆఫ్ సార్ట్స్". దిగులుగా ఉంటే "డౌన్ ఇన్ ద డంప్స్". చాలామంది ఇక్కడ "అండర్ ద వెదర్" వాడతారు, అది ఒంట్లో బాగాలేనప్పటి మాట. బాస్‌కి మెసేజ్ పెడితే సిక్ లీవ్ వస్తుంది, అది మీకు కావాలంటే వాడుకోండి.

సీరియస్ అయ్యాడు. మనకి కోప్పడ్డాడు అని. ఇంగ్లీషులో "హి బికేమ్ సీరియస్" అంటే నవ్వు ఆపి గంభీరంగా అయ్యాడని. హాస్పిటల్ విషయంలోనైతే "హి ఈజ్ సీరియస్" వినగానే మన దగ్గర ఇంటిల్లిపాదీ పరిగెడతారు. కోపానికైతే "మై బాస్ బ్లూ అప్ ఎట్ మీ" అనండి. ఈ 'బ్లూ' నీలం కాదు, బ్లో అనే క్రియకి భూతకాలం.

బోర్. ఇది చిన్నదే. "ఐ యామ్ బోరింగ్" అంటే నేనే బోరు మనిషిని అని ఒప్పుకున్నట్టు. "ఐ వాజ్ బోర్డ్ స్టిఫ్" లేదా "బోర్డ్ టు టియర్స్".

## 4. తెలుగు జాతీయాలను నాలుగు కుప్పలు పోయండి

ఇప్పుడు నోట్‌బుక్‌లో మిగిలిన లైన్లు. ఒక్కోదానికి ఇంగ్లీషు జోడీ వెతికి, నాలుగింటిలో ఒక కుప్పలో వేయండి.

మొదటి కుప్ప: బొమ్మా అర్థమూ ఒకటే. ఇవి ఉచితంగా వచ్చినట్టు. గాల్లో తేలిపోతున్నాడు అంటే "వాకింగ్ ఆన్ ఎయిర్". రక్తం మరిగిపోయింది అంటే "ఇట్ మేడ్ మై బ్లడ్ బాయిల్". మొసలి కన్నీరు, "క్రొకడైల్ టియర్స్". పంటి బిగువున భరించాను అనడానికి "ఐ గ్రిటెడ్ మై టీత్". పళ్ళు నూరడంతో దీన్ని కలపకండి. మనం కోపంతో పళ్ళు నూరుతాం, ఇంగ్లీషువాడు ఓర్చుకోవడానికి పళ్ళు బిగిస్తాడు.

రెండో కుప్ప: అర్థం ఒకటే, బొమ్మ వేరు. ఎక్కువ భాగం ఇక్కడే పడతాయి.

- శివాలెత్తిపోయాడు: "హి హిట్ ద రూఫ్"
- అరికాలి మంట నెత్తికెక్కింది: "ఐ సా రెడ్"
- ఏదో అడిగితే ఒంటికాలి మీద లేచాడు: "హి జంప్డ్ డౌన్ మై థ్రోట్"
- ముక్కు మీద కోపం: "షి హ్యాజ్ ఎ షార్ట్ ఫ్యూజ్"
- గొంతు పూడుకుపోయింది: "ఐ హ్యాడ్ ఎ లంప్ ఇన్ మై థ్రోట్"
- కళ్ళు కుట్టాయి: "గ్రీన్ విత్ ఎన్వీ"
- పై ప్రాణాలు పైనే పోయాయి: "ఐ వాజ్ స్కేర్డ్ అవుట్ ఆఫ్ మై విట్స్"
- మనసు పారేసుకున్నాడు: "హి లాస్ట్ హిజ్ హార్ట్ టు హర్"
- అత్త మీద కోపం దుత్త మీద చూపించడం: "డోంట్ టేక్ ఇట్ అవుట్ ఆన్ మీ"

చివరిది నాకు బాగా ఇష్టం. ఆఫీసు కోపం ఇంట్లో చూపించే ప్రతి మనిషికీ ఇంట్లోవాళ్ళు చెప్పాల్సిన వాక్యం. ఇంగ్లీషులో అత్తా లేదు దుత్తా లేదు, ఉత్త క్రియే ఉంది, అయినా పని జరుగుతుంది.

గ్రీన్ విత్ ఎన్వీ గురించి ఒక మాట. కళ్ళు కుట్టడం మన దగ్గర తిట్టు, దిష్టి భయం కూడా ఉంది. ఇంగ్లీషులో స్నేహితులు దాన్ని మెచ్చుకోలుగా అనేస్తారు. మీ స్విట్జర్లాండ్ ఫొటోలు చూసి "ఐ యామ్ గ్రీన్ విత్ ఎన్వీ!" అని సహోద్యోగి రాస్తే, అమ్మ చేత ఉప్పు దిగదుడిపించుకోనక్కర్లేదు.

మూడో కుప్ప: బొమ్మ ఒకటే, అర్థం వేరు. ఈ పేజీని ఎర్ర సిరాతో రాయండి.

- చల్లని మనసు మనకి దయగల మనసు. "కోల్డ్ హార్టెడ్" అంటే ఇంగ్లీషులో జాలి దయ లేని మనిషి. మీ నాయనమ్మని కోల్డ్ హార్టెడ్ లేడీ అని పొగడకండి, "వార్మ్ హార్టెడ్" అనాలి. మనకి ఎండ ఎక్కువ కాబట్టి చలవ మంచిదైంది, వాళ్ళకి చలి ఎక్కువ కాబట్టి వెచ్చదనం మంచిదైంది అని నేను గుర్తుపెట్టుకుంటాను. అది నిజమో కాదో గానీ ఎప్పుడూ తప్పు పోలేదు.
- కడుపు మంట మనకి అసూయ. "మై స్టమక్ ఈజ్ బర్నింగ్" అంటే జెలుసిల్ ఇస్తారు.
- గుండె జారిపోయింది మనకి ఎక్కువగా భయం. "మై హార్ట్ శాంక్" అంటే ఆశ చచ్చిపోవడం, నీరుగారిపోవడం. లిస్టులో పేరు లేకపోతే హార్ట్ సింక్ అవుతుంది. లారీ మీదకొస్తుంటే "మై హార్ట్ వాజ్ ఇన్ మై మౌత్".
- కాళ్ళూ చేతులూ చల్లబడటం మనకి హడలిపోవడం. కోల్డ్ ఫీట్ సంగతి పైన చెప్పాను.
- ఒళ్ళు మండింది మనకి కోపం. "ఐ యామ్ బర్నింగ్ అప్" అంటే చాలాసార్లు జ్వరం.

నాలుగో కుప్ప: జోడీ లేనివి. అలక, ఉక్రోషం, బెంగ. అలకని "సల్కింగ్" అంటే అందులో ఉన్న చనువు పోతుంది, ఉత్త మూతి ముడుపే మిగులుతుంది. ఊరి మీద, ఇంటి మీద బెంగని "హోమ్‌సిక్" అనొచ్చు, కానీ బిడ్డ మీద బెంగకి అది సరిపోదు, "షి మిసెస్ హిమ్ టెరిబ్లీ" అని సాదాగా చెప్పేయాలి. ఈ కుప్పకి ఇడియమ్ వెతకొద్దు. సాదా వాక్యం రాసుకుని వదిలేయండి.

## 5. మెట్లు కట్టండి

ఒకే భావానికి ఉన్న ఇడియమ్స్ అన్నీ ఒకే బరువు కావు. లిస్టుల్లో ఈ సంగతి ఉండదు, 'చాలా కోపం' అని అన్నిటికీ అదే రాసేస్తారు.

కోపానికి ఒక పేజీ తీసుకుని కింది నుంచి పైకి రాయండి. అట్టడుగున "ఎ బిట్ పుట్ అవుట్", కాస్త నొచ్చుకోవడం. దాని పైన "గెట్స్ ఆన్ మై నర్వ్స్", అదేపనిగా చిరాకు పెట్టడం, పక్క సీటువాడు పెన్ను టకటకలాడిస్తుంటే వచ్చేది. ఆ పైన "డ్రైవ్స్ మీ అప్ ద వాల్", అదే చిరాకు భరించలేనంత అయితే. ఆ పైన "సీ రెడ్". అన్నిటికన్నా పైన "హిట్ ద రూఫ్", "బ్లో యువర్ టాప్".

ఇప్పుడు ఇంకో గీత గీయండి, నిలువుగా. ఎడమవైపు లోపల జరిగేవి, కుడివైపు బయటికి కనిపించేవి. సీ రెడ్, బ్లడ్ బాయిల్ లోపలివి, నోరు తెరవకుండా కూడా రక్తం మరగొచ్చు. హిట్ ద రూఫ్ బయటిది, అరుపులు లేకుండా అది జరగదు. "ఫ్లై ఆఫ్ ద హ్యాండిల్" కూడా బయటిదే, అందులో చిన్నదానికే ఒళ్ళు తెలియకుండా ఎగిరాడనే అర్థం ఉంది. "బైట్ మై హెడ్ ఆఫ్" అంటే మామూలుగా అడిగినదానికి కసురుకుంటూ జవాబివ్వడం. ఈ నిలువు గీత గీసుకోకపోతే, "మా నాన్న మౌనంగా హిట్ ద రూఫ్ చేశారు" లాంటి వాక్యాలు వస్తాయి.

సంతోషానికి మెట్లు తక్కువ. "ఇన్ గుడ్ స్పిరిట్స్" మామూలు హుషారు. "టికిల్డ్ పింక్" చిన్న విషయానికి మురిసిపోవడం, కాస్త పాతకాలపు మాట. "ఆన్ క్లౌడ్ నైన్", "ఓవర్ ద మూన్" పైమెట్టు. మనవాళ్ళు చేసే పొరపాటు ఏంటంటే అన్నిటికీ పైమెట్టే ఎక్కేయడం. బస్సు టైముకి వచ్చిందని ఓవర్ ద మూన్ అంటే, ఉద్యోగం వచ్చిన రోజు ఏమంటారు?

బాధ దగ్గర మాత్రం జాగ్రత్త. డౌన్ ఇన్ ద డంప్స్, ఫీలింగ్ బ్లూ అనేవి తేలికపాటి దిగులుకి. ఇంట్లో మనిషి పోయినవాళ్ళని డౌన్ ఇన్ ద డంప్స్ అనకూడదు, వినడానికి ఎగతాళిలా ఉంటుంది. "మై హార్ట్ బ్లీడ్స్ ఫర్ యూ" అసలే వద్దు, మాటలకి అది గొప్ప సానుభూతిలా కనిపిస్తుంది గానీ ఇప్పుడు దాన్ని ఎక్కువగా వెటకారంగానే వాడుతున్నారు. "మై హార్ట్ గోస్ అవుట్ టు యూ" పర్లేదు. అన్నిటికన్నా "ఐ యామ్ సో సారీ ఫర్ యువర్ లాస్" క్షేమం. చావు దగ్గర ఇడియమ్స్ జేబులోనే ఉండనివ్వండి.

## 6. చట్రంతో సహా ఎక్కించుకోండి

ఇడియమ్‌ని ఒంటరిగా రాసుకుంటే నోటికి రాదు. వాక్యంగా రాసుకోండి, ఆ వాక్యంలో మూడు చూడండి.

ఎవరితో మొదలవుతుంది? తెలుగులో నాకు కోపం వచ్చింది, నాకు చిరాకేసింది, నాకు భయమేసింది, అన్నీ "నాకు". అందుకే మన నోట ఇంగ్లీషులో ప్రతి వాక్యమూ "ఐ"తో మొదలవుతుంది. ఇడియమ్స్‌లో చాలావాటికి కోపం తెప్పించిన మనిషో వస్తువో ముందు రావాలి: "హి గెట్స్ ఆన్ మై నర్వ్స్", "దట్ నాయిస్ డ్రైవ్స్ మీ అప్ ద వాల్", "ఇట్ బ్రోక్ మై హార్ట్". నోట్‌బుక్‌లో "ఐ" వాక్యాలకి ఒక పేజీ, "ఇట్" వాక్యాలకి ఒక పేజీ పెట్టండి. ఈ ఒక్క పనితో సగం తప్పులు పోతాయి.

ఏది మారుతుంది, ఏది మారదు? కాలం మారుతుంది, మై స్థానంలో హిజ్, హర్ వస్తాయి. మిగతాది ముట్టుకోకూడదు. బటర్‌ఫ్లైస్ ఎప్పుడూ బహువచనమే, ఒక్క సీతాకోకచిలుక చాలదు. మేఘం తొమ్మిదో నంబరుదే. టెంటర్‌హుక్స్‌ని టెండర్‌హుక్స్ అనకండి. "లూజ్ హార్ట్" అంటే ధైర్యం కోల్పోవడం, మధ్యలో 'మై' పెట్టి వెనక 'టు' చేర్చారో ప్రేమలో పడ్డట్టు. పరీక్ష ఫెయిలైన తమ్ముడికి ధైర్యం చెప్తూ "డోంట్ లూజ్ యువర్ హార్ట్" అనేవాళ్ళు ఎంతమందో.

ముందు ఏ మాట పడుతుంది? "వెరీ ఓవర్ ద మూన్" కుదరదు, "అబ్సల్యూట్లీ ఓవర్ ద మూన్" కుదురుతుంది. అసలే చివరి మెట్టు, దానికి వెరీ ఎందుకు?

## 7. ఏ దేశం, ఎవరి ముందు

ఇది క్లుప్తంగా చెప్తాను, డిక్షనరీ గుర్తులు చూసే అలవాటుంటే మీరే పట్టుకోగలరు.

ఓపిక నశించింది అనడానికి బ్రిటన్‌లో "ఎట్ ద ఎండ్ ఆఫ్ మై టెదర్", అమెరికాలో టెదర్ బదులు రోప్. లోపలి ఉక్కపోత బయటికి వదలడం బ్రిటన్‌లో "లెట్ ఆఫ్ స్టీమ్", అమెరికాలో "బ్లో ఆఫ్ స్టీమ్". కాస్త ఆగవయ్యా అనడానికి బ్రిటన్‌లో "కీప్ యువర్ హెయిర్ ఆన్", అమెరికాలో హెయిర్ పోయి షర్ట్ వస్తుంది. బ్రిటన్‌లో బాగా నిరాశపడితే "గటెడ్", సంబరపడితే "చఫ్డ్". ఇవి అమెరికాలో అంటే మొహం చూస్తారు.

"మ్యాడ్" అమెరికాలో కోపం, బ్రిటన్‌లో ఎక్కువగా పిచ్చి. ఇక "పిస్డ్" అమెరికాలో కోపం, బ్రిటన్‌లో తాగి ఉండటం, రెండు చోట్లా మోటు మాటే. సిరీస్‌లు చూసి నేర్చుకున్నవాళ్ళు ముందు దీన్నే పట్టుకుంటారు. వినండి, అనకండి.

ఆఫీసు ఈమెయిల్‌లో మీ కోపం గురించి ఇడియమ్ రాయొద్దు, ఏ దేశమైనా సరే. "ఐ యామ్ కన్సర్న్డ్" అనే పొడి వాక్యమే అక్కడ పనిచేస్తుంది.

## 8. వారానికి మూడు, నాలుగు వారాలు

వారానికి మూడు ఎంచుకోండి, మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఎక్కువసార్లు వచ్చిన భావాలకే.

1. మొదటి రోజు: డిక్షనరీలో అర్థం, గుర్తులు, ఒక ఉదాహరణ చూడండి.
2. రెండో రోజు: యూగ్లిష్‌లో ఒక్కోదానికి ఐదు క్లిప్‌లు వినండి. అన్నవాడి మొహం, గొంతు గమనించండి, నవ్వుతూ అంటున్నాడా, విసుగ్గా అంటున్నాడా.
3. మూడో రోజు: మీ జీవితంలో నిజంగా జరిగిన దాంతో ఒక్కోదానికి ఒక వాక్యం రాయండి. కల్పిత వాక్యం నిలబడదు.
4. నాలుగు, ఐదు రోజులు: ఆ సంఘటనని ఒక నిమిషం కథగా చెప్పి వాట్సాప్‌లో మీకు మీరే వాయిస్ మెసేజ్ పెట్టుకోండి.
5. ఆరో రోజు: మెసేజ్ వినండి. ఇడియమ్ ముందు మీరు ఆగారా? ఆగితే ఇంకా నోటికి రాలేదన్నమాట, వచ్చే వారం మళ్ళీ అదే.
6. ఏడో రోజు సెలవు.

ఐఈఎల్‌టీఎస్ రాసేవాళ్ళు కథల్ని స్పీకింగ్ రెండో భాగం లెక్కలో చెప్పండి. అక్కడ సిద్ధం కావడానికి 1 నిమిషం, మాట్లాడటానికి 1 నుంచి 2 నిమిషాలు, వాళ్ళిచ్చే ప్రశ్న కార్డు చివర్లో మీకు ఎలా అనిపించిందని తరచూ అడుగుతారు. 7వ బ్యాండ్ (అంటే స్కోరు) వివరణలో ఇడియమాటిక్ పదజాలం అనే ముక్క ఉన్న మాట నిజమే. దాన్ని పట్టుకుని కొంతమంది రెండు నిమిషాల్లో ఎనిమిది ఇడియమ్స్ కుక్కేస్తారు. ఇడియమాటిక్ అంటే ఇడియమ్స్ గుట్ట కాదు, మాట సహజంగా ఉండటం. ఒక కథకి ఒకటి, మహా అయితే రెండు.

ఉదాహరణకి వీసా ఇంటర్వ్యూ కథ. నానక్‌రామ్‌గూడలో పొద్దున్నే అమెరికా కాన్సులేట్ ముందు క్యూలో నిలబడటం, ఫైలు పదిసార్లు తెరిచి చూసుకోవడం, ఇదంతా సాదా ఇంగ్లీషులోనే చెప్పండి. కౌంటర్ దగ్గరికి వచ్చేసరికి "బై దెన్ ఐ వాజ్ ఎ బండిల్ ఆఫ్ నర్వ్స్". వీసా వచ్చాక "ఐ వాక్డ్ అవుట్ ఆన్ క్లౌడ్ నైన్". రెండూ కథ ఎక్కడ బిగిసిందో అక్కడే పడ్డాయి చూడండి. మొదటి వాక్యంలోనే క్లౌడ్ నైన్ అనేస్తే ఇక వినడానికి ఏముంది?

## 9. తెలియని ఇడియమ్ చెవిన పడితే

మీకు వంద వచ్చినా నూట ఒకటోది వస్తుంది. వెంటనే కంగ్రాట్స్ అనో అయ్యో అనో అనేయకండి. "ఐ వాజ్ బిసైడ్ మైసెల్ఫ్" అన్నాడనుకోండి, అది పట్టలేని సంతోషం కావచ్చు, పట్టలేని ఏడుపూ కావచ్చు.

"ఓ, వాట్ హ్యాపెన్డ్?" అనండి, గొంతు మామూలుగా పెట్టి. మంచికైనా చెడుకైనా సరిపోయే ప్రశ్న. అవతలి మనిషి జరిగింది చెప్తాడు, అర్థం దానంతటదే తెలుస్తుంది. తర్వాత నోట్‌బుక్‌లో రాసుకోండి, ఆ మనిషి చెప్పిన సంఘటనతో సహా.

## 10. అనే ముందు ఒకసారి చూసుకోండి

- ఇది నా తెలుగు మాటని మక్కీకి మక్కీ దించిందా? అయితే మూడో కుప్పలో ఉందేమో చూడాలి.
- మెట్టు సరిపోయిందా?
- లోపలిదా, బయటిదా?
- వాక్యం "ఐ"తోనా, "ఇట్"తోనా?
- వినే మనిషి ఏ దేశం, నాకు ఎంత చనువు?
- అవతల దుఃఖంలో ఉన్నారా? అయితే సాదా మాట.

ఒక్కదానికైనా జవాబు తెలియకపోతే "వెరీ నర్వస్", "రియల్లీ అప్‌సెట్" అనేయండి. వాటిని ఎవరూ తప్పు పట్టరు.

## 11. నోరు జారితే

జారుతుంది. అవతలి మొహంలో తేడా కనిపించగానే ఇడియమ్‌ని అర్థం చెప్పి సరిచేయడానికి కూర్చోకండి, ఇంకో ఇడియమ్‌తో అస్సలు సరిచేయకండి. "వాట్ ఐ మీన్ ఈజ్" అని మొదలుపెట్టి, ఉన్నదున్నట్టు ఒక్క ముక్క చెప్పండి.

"వాట్ ఐ మీన్ ఈజ్, ఐ యామ్ ఎ బిట్ నర్వస్, బట్ ఐ వాంట్ టు డూ ఇట్." మా మేనేజర్ ఆలోచించిన ఆ రెండు నిమిషాల్లో ఈ వాక్యం నా నోటికి వచ్చుంటే ఆ డెమో నేనే ఇచ్చేవాణ్ణి.